నంబరుకూ ఇంటిపేరు ఉంటుంది
(పౌర చైతన్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోలాపూర్ నగరానికి తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డాయి. చద్దర్లు, తువ్వాళ్లు నేసే కార్ఖానాలలోను, ఆడవారు బీడీలు చుట్టే ఇళ్ల ముంగిళ్లలోను ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. అయితే వలస ఆ తరంతో ఆగలేదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదులలో ఉన్న బంధువుల ఇళ్ల నుంచి మగవారు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఇక్కడ చదువుకున్న పిల్లలు పుణె, హైదరాబాదు, బెంగళూరుల మీదుగా అమెరికాకు, సింగపూరుకు, ఆస్ట్రేలియాకు చేరుకున్నారు. ఒకే ఇంటి మనుషులు మూడు నాలుగు దేశాలలో ఉండడం ఇప్పుడు వింత కాదు.

ఇలా విస్తరించిన కుటుంబాన్ని కలిపి ఉంచుతున్నది ఒక చిన్న వస్తువు. అది సెల్‌ఫోను. అందులోనూ ముఖ్యమైనది పేర్ల జాబితా. ఆ జాబితాలో నంబర్లు ఎలా రాసి ఉన్నాయన్నదే నేటి ప్రసంగ విషయం. వినడానికి ఇది చాలా చిన్న సంగతిగా తోస్తుంది. అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో నిలబడి దూరదేశంలో ఉన్న కొడుకుకు ఫోను కలపవలసి వచ్చినప్పుడు మాత్రం దీని విలువ తెలుస్తుంది.

దేశ కోడు అంటే ఏమిటి?

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరువాత వస్తుంది. ఊళ్లో ఉన్నంతకాలం ఇంటిపేరుతో పని ఉండదు. వీధిలో ‘లక్ష్మీ’ అని పిలిస్తే ఆ లక్ష్మే పలుకుతుంది. పక్క ఊరికి వెళ్లి లక్ష్మి కోసం అడిగితే మాత్రం ‘ఏ ఇంటి లక్ష్మి?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఫోను నంబరు విషయమూ ఇంతే. పది అంకెలు దాని సొంత పేరు. దాని ముందు ఉండే దేశ కోడు, అంటే అందరూ కంట్రీ కోడ్ అని పిలిచేది, దాని ఇంటిపేరు. ఇంటిపేరు లేని నంబరు సొంత ఊరిలోనే చెల్లుతుంది.

ఈ ఇంటిపేర్లను ఏ దేశమూ తనంతట తాను పెట్టుకోలేదు. 1865లో ఏర్పడి, ఇప్పుడు జెనీవా కేంద్రంగా పనిచేస్తున్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం వీటిని కేటాయించింది. 1960లలో ప్రపంచాన్ని మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి మొదటి అంకెను నిర్ణయించారు. ఉత్తర అమెరికాకు 1, ఆఫ్రికాకు ప్రధానంగా 2, ఐరోపాకు 3, 4, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాల వైపు 6, పశ్చిమ, దక్షిణాసియాలకు 9 వచ్చాయి. అందువల్లనే భారతదేశం 91 అయితే, శ్రీలంక 94, మయన్మార్ 95 అయ్యాయి. గల్ఫ్ దేశాల కోడులు కూడా 96, 97లతోనే మొదలవుతాయి. ఆ సంస్థ ఇ.164 అనే పేరుతో రూపొందించిన నియమం ప్రకారం దేశ కోడుతో కలిపి ఏ నంబరులోనైనా 15 అంకెలకు మించి ఉండరాదు. దేశ కోడు ఒకటి నుంచి మూడు అంకెల వరకు ఉండవచ్చు.

భారతదేశంలో ఆపరేటరు సహాయం లేకుండా ఒక ఊరి నుంచి మరొక ఊరికి నేరుగా ఫోను చేసే ఎస్.టి.డి. సదుపాయం 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. ఆ కాలం వారికి ఊరి కోడు బాగా తెలుసు. సోలాపూర్‌కు 0217, కరీంనగర్‌కు 0878, హైదరాబాదుకు 040, చెన్నైకి 044, బరంపురానికి 0680 అని కంఠస్థంగా చెప్పేవారు నేటికీ ఉన్నారు. సెల్‌ఫోను వచ్చాక ఊరి కోడు అవసరం పోయింది. దేశమంతటా పది అంకెలే చాలాయి. ఆ సౌలభ్యం వల్లనే ఫోను చేయడానికి పది అంకెలు చాలునన్న అలవాటు పడింది. దేశం దాటే కుటుంబాలను ఇబ్బంది పెడుతున్నది ఆ అలవాటే.

పది అంకెల భ్రమ

పది అంకెల నంబరు భారతదేశానికి మాత్రమే ప్రత్యేకం కాదు. అమెరికాలో కూడా నంబరుకు పది అంకెలే. తెలుగువారు అధికంగా ఉన్న డల్లాస్ ప్రాంతంలో 972తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి. న్యూజెర్సీలో 732, 908, 973లతో మొదలయ్యేవి ఉన్నాయి. భారతదేశంలో సెల్‌ఫోను నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. డల్లాసులో ఉన్న కూతురు చెప్పిన పది అంకెలను తల్లి ఉన్నవి ఉన్నట్లుగా ఇక్కడి ఫోనులో దాచుకుంటే, ఆ ఫోను దానిని భారతీయ నంబరుగానే భావిస్తుంది. నొక్కితే ఎక్కడో ఒకచోట మోగవచ్చు కూడా. ఎత్తేవారు కూతురు కారు, ఎవరో అపరిచితులు. తప్పు నంబరు అసలు కలవకపోతే తప్పు అని వెంటనే తెలుస్తుంది. అపరిచితులకు కలిసే నంబరే ఎక్కువ తికమక పెడుతుంది.

అటువైపు నుంచి చూసినా ఇదే చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో సెల్‌ఫోను తొలినాళ్ల నుంచి 98480, 98490లతో మొదలయ్యే నంబర్లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. అమెరికాలో 984 అన్నది నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ నగర ప్రాంతానికి చెందిన కోడు. అక్కడికి వెళ్లిన కొడుకు తల్లి నంబరును పది అంకెలతోనే దాచుకొని అక్కడి సిమ్ము నుంచి నొక్కితే, ఆ పిలుపు రాలీ వైపు వెళ్తుంది. సరే, 91 చేర్చుదామని, ముందు + గుర్తు లేకుండా 91 అని మాత్రమే రాసుకుంటే చిక్కు తీరదు. ఆ ప్రాంతానికే ఉన్న మరొక కోడు 919. తొమ్మిదితో మొదలయ్యే భారతీయ నంబరుకు ముందు 91 చేర్చితే, మొదటి మూడు అంకెలు సరిగ్గా 919 అవుతాయి.

సింగపూరు సంగతి మరింత విచిత్రం. అక్కడి సెల్‌ఫోను నంబరుకు ఎనిమిది అంకెలే ఉంటాయి. దేశ కోడు 65. రెండూ కలిపితే మళ్లీ పది అంకెలు, మొదటి అంకె 6. ముందు + గుర్తు లేకపోతే, చూడడానికి అచ్చంగా భారతీయ సెల్‌ఫోను నంబరులా ఉంటుంది. రాసినవారు కోడు వేశామనే అనుకుంటారు. ఫోను మాత్రం దానిని కోడుగా గుర్తించదు.

కాబట్టి మొదటి సూత్రం ఇది. నంబరును + గుర్తుతో మొదలుపెట్టాలి, వెంటనే దేశ కోడు రాయాలి, ఆ తరువాత మిగిలిన అంకెలు రాయాలి. + గుర్తు లేని కోడు కోడు కిందికి రాదు.

ముందున్న సున్నా

రెండవ పొరపాటు సున్నాతో వస్తుంది. అనేక దేశాలలో ఇంట్లో నంబరు చెప్పేటప్పుడు ముందు సున్నా చేర్చి చెబుతారు. ఆ సున్నా ఆ దేశం లోపల మాత్రమే పనికివస్తుంది. దేశ కోడు వచ్చినచోట దానిని తీసివేయాలి. దుబాయిలో ఉన్న తమ్ముడు తన నంబరును 050 అని మొదలుపెట్టి చెబితే, ఇక్కడ దానిని +971 50 అని రాసుకోవాలి. సౌదీలో 05తో మొదలయ్యే నంబరు +966 5 అవుతుంది. ఇంగ్లండులో 07తో మొదలయ్యేది +44 7 అవుతుంది. ఆస్ట్రేలియాలో 04తో మొదలయ్యేది +61 4 అవుతుంది. కోడు తరువాత ఆ సున్నాను ఉంచేస్తే నంబరు తప్పవుతుంది.

కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, సింగపూరు దేశాలలో ఈ బెడద లేదు. అక్కడి నంబర్లు ఎనిమిది అంకెలవి, ముందు సున్నా ఉండదు. కోడు చేర్చి ఉన్నవి ఉన్నట్లుగా రాసుకుంటే సరిపోతుంది. ఇటలీ మాత్రం ఈ నియమానికి ఎదురుగా నిలుస్తుంది. అక్కడి ఇళ్లలోని స్థిర ఫోనుల నంబర్లలో ముందున్న సున్నాను తీయకూడదు.

భారతదేశంలోని స్థిర ఫోనులకూ సున్నా నియమం వర్తిస్తుంది. సోలాపూర్‌లోని ఒక ఇంటి స్థిర ఫోనును 0217 అని కాక +91 217 అని, చెన్నైలోని దానిని +91 44 అని దాచుకోవాలి. ఇలా రాసుకున్న నంబరు ఇక్కడి నుంచి కలుస్తుంది, మస్కట్ నుంచీ కలుస్తుంది. స్థిర ఫోను నుంచి సెల్‌ఫోనుకు చేసేటప్పుడు మాత్రం ముందు సున్నా నొక్కాలి. 2021 జనవరి 15 నుంచి దేశమంతటా ఈ నియమం అమలులో ఉంది. ఇంట్లో గోడ ఫోను వాడే వృద్ధులకు ఈ తేడాను విడిగా చెప్పడం మంచిది.

తెలుగు కుటుంబాలకు తరచుగా అవసరమయ్యే దేశ కోడులు ఇవి:

భారతదేశం +91
అమెరికా, కెనడా +1
యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ +971
సౌదీ అరేబియా +966
కువైట్ +965
ఖతర్ +974
ఒమన్ +968
బహ్రెయిన్ +973
సింగపూరు +65
మలేసియా +60
ఇంగ్లండు +44
ఆస్ట్రేలియా +61
న్యూజిలాండ్ +64
జర్మనీ +49
మారిషస్ +230
దక్షిణాఫ్రికా +27

గల్ఫ్ దేశాల కోడులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయని ఈ పట్టికలోనే కనిపిస్తుంది. 965 కువైట్, 966 సౌదీ, 968 ఒమన్. ఒక్క అంకె మారితే దేశమే మారిపోతుంది. పని మారి కువైట్ నుంచి సౌదీకి వెళ్లినవారి పాత నంబరును చెరిపి కొత్తది రాసుకునేటప్పుడు కోడును తప్పక సరిచూడాలి.

+ గుర్తు, ఖర్చు భయం

+ గుర్తు ఎందుకని చాలామంది అడుగుతారు. దేశం బయటికి పిలుపు పంపడానికి ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క తలుపు ఉంది. భారతదేశంలోను, ఎమిరేట్స్‌లోను 00 నొక్కాలి. అమెరికాలో 011, ఆస్ట్రేలియాలో 0011 నొక్కాలి. ఏ దేశంలో ఉన్నా అక్కడి తలుపును తానే తెరుచుకొనే తాళంచెవి + గుర్తు. సెల్‌ఫోనులో సున్నా మీటను కొద్దిసేపు వదలకుండా నొక్కి ఉంచితే ఆ గుర్తు వస్తుంది.

ఇంట్లో ఉన్నవారి నంబరుకు కూడా +91 చేర్చితే విదేశీ కాల్ కింద డబ్బు పోతుందేమోనన్న భయం కొందరిలో ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. భారతదేశంలో ఉండి భారతీయ నంబరుకు +91తో చేసిన పిలుపును కంపెనీలు దేశీయ పిలుపుగానే లెక్కిస్తాయి. సోలాపూర్ నుంచి కరీంనగర్‌కు +91తో చేసినా, లేకుండా చేసినా ఖర్చు ఒకటే. నిజంగా విదేశంలో ఉన్న నంబరుకు సాధారణ కాల్ చేసినప్పుడే ఐ.ఎస్.డి. రుసుము పడుతుంది.

వాట్సాప్ ఉన్నప్పుడు ఇవన్నీ ఎందుకని యువకులు అనవచ్చు. వాట్సాప్‌కూ దేశ కోడు కావాలి. కోడు లేని నంబరును అది ఫోను యజమాని ఖాతా ఏ దేశపు నంబరుతో ఉందో ఆ దేశపుదిగానే లెక్క వేస్తుంది. సౌదీకి వెళ్లి అక్కడి కొత్త నంబరుతో ఖాతా తెరిచిన వ్యక్తికి, పది అంకెలతో దాచుకున్న ఇంటివారి పేర్లు వాట్సాప్‌లో కనబడకపోవడానికి కారణం ఇదే. దీనికి తోడు ఎమిరేట్స్‌లో వాట్సాప్ ద్వారా మాట్లాడే పిలుపులపై ఆంక్షలు ఉన్నాయి. సందేశం చేరుతుంది, మాట చేరదు. ఇంటర్నెట్టు లేనిచోట సందేశం కూడా చేరదు. ఆపద వేళ చివరకు మిగిలేది సాధారణ ఫోను పిలుపే. దానికి ఐ.ఎస్.డి. సదుపాయం ఆ సిమ్ములో ఉన్నదో లేదో ముందుగానే కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

ఆపదలో ఫోనును తెరిచేది వేరొకరు

ఇంతవరకు చెప్పినది ఫోను యజమాని స్వయంగా నంబరు నొక్కే సందర్భం. అసలు పరీక్ష ఎదురయ్యేది యజమాని మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు.

గల్ఫ్‌లో ఒక కార్మికుడు పనిచోట కళ్లు తిరిగి పడిపోయాడనుకోవాలి. పక్కనున్నవాడు బిహారు మనిషి కావచ్చు, నేపాలీ కావచ్చు. అతడు ఆ ఫోను తెరిచి ‘ఇల్లు’ అని ఉన్న పేరును వెతుకుతాడు. అది తెలుగు లిపిలో ఉంటే చదవలేడు. అది పది అంకెల నంబరైతే అక్కడి నుంచి కలవదు. దానికి +91 చేర్చాలన్న ఆలోచన ఆ తొందరలో వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? ఒక గుర్తు, రెండు అంకెలు ముందే రాసి ఉంటే ఇంటికి ఆ క్షణమే కబురు చేరుతుంది. అవి లేకపోతే కబురు చేరేసరికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పలేము.

సోలాపూర్‌లోనూ ఇదే పరిస్థితి ఎదురు కావచ్చు. ఒంటరిగా ఉంటున్న వృద్ధురాలిని ఇరుగుపొరుగువారు ఆసుపత్రిలో చేర్చితే, అక్కడి నర్సు ఆమె ఫోనును చేతిలోకి తీసుకుంటుంది. ఆ నర్సుకు మరాఠీ వచ్చు, తెలుగు రాదు. ‘పెద్దోడు’, ‘చిన్నోడు’, ‘అత్తమ్మ’ అని తెలుగు లిపిలో ఉన్న పేర్లు ఆమెకు బోధపడవు. మాతృభాషలో పేర్లు దాచుకోవడం ఆనందమే, దానిని ఎవరూ వదులుకోనక్కరలేదు. అయితే ఆపద వేళ పిలవవలసిన ఇద్దరు ముగ్గురి పేర్లను మాత్రం నగరంలో అందరూ చదవగల లిపిలో రాసుకోవాలి. దేవనాగరి అయినా సరే, ఇంగ్లీషు అక్షరాలైనా సరే. పేరు పక్కన బంధుత్వం, ఊరు కూడా చేర్చాలి. ‘కొడుకు, దుబాయి’, ‘కూతురు, పుణె’ అని ఉంటే, ముందు పుణెకు చేయాలన్న తెలివి చూసినవారికి వస్తుంది. వేగంగా రాగలిగేది ఆమె కదా.

తాళం వేసి ఉన్న ఫోనులో కూడా కనిపించేలా ఆపద నంబర్లను పెట్టుకొనే సదుపాయం ఇప్పటి ఫోనులలో ఉంది. అమరికలలో అత్యవసర సమాచారం అన్న భాగంలో ఆ నంబర్లను చేర్చవచ్చు. అక్కడా దేశ కోడు తప్పనిసరి.

విదేశంలో ఉన్న ప్రతి ఒక్కరికీ రెండవ నంబరు ఒకటి ఇంట్లో ఉండాలి. ఒకే గదిలో ఉండే స్నేహితునిది కావచ్చు, కంపెనీ క్యాంపుది కావచ్చు, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానిది కావచ్చు. మనిషి ఫోను ఎత్తకపోతే మరొక దారి ఉండాలి. అమెరికాలోని 911 వంటి అత్యవసర సంఖ్యలు ఇక్కడి నుంచి +1 చేర్చి నొక్కినా పనిచేయవు. కాబట్టి అక్కడ దగ్గరలో ఉన్న ఒక మనిషి నంబరే అసలైన ఆసరా.

కోడు చేర్చకూడని నంబర్లు

అన్నింటికీ +91 చేర్చాలన్న ఉత్సాహంలో చేర్చకూడనివాటికి కూడా చేర్చరాదు. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930, రైల్వే సమాచారానికి 139 వంటి చిన్న సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లుగానే దాచుకోవాలి. వాటికి కోడు చేర్చితే అవి కలవవు. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లను కూడా అలాగే ఉంచాలి. అవి విదేశాల నుంచి సాధారణంగా పనిచేయవు. విదేశంలో ఉన్నవారు బ్యాంకుకు ఫోను చేయవలసి వస్తే, ఆ బ్యాంకు విదేశీ ఖాతాదారుల కోసం ఇచ్చే పూర్తి నంబరును +91తో సహా ముందుగానే రాసుకొని వెళ్లడం మేలు.

కోడు తెలిస్తే మోసమూ తెలుస్తుంది

దేశ కోడులు గుర్తించడం వచ్చినవారికి మరొక లాభం ఉంది. అపరిచిత నంబరు నుంచి పిలుపు వచ్చినప్పుడు అది ఏ దేశపు నంబరో ముందున్న కోడు చెబుతుంది. ప్రభుత్వ అధికారులమని చెప్పుకొంటూ, ఫోను కనెక్షను తీసివేస్తామని బెదిరిస్తూ +92 వంటి విదేశీ నంబర్ల నుంచి వాట్సాప్ పిలుపులు వస్తున్నాయని కేంద్ర టెలికాం శాఖ 2024 మార్చిలో ప్రజలను హెచ్చరించింది. +92 పాకిస్తాను కోడు. భారత ప్రభుత్వ అధికారి విదేశీ నంబరు నుంచి ఎందుకు ఫోను చేస్తాడన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఆ మోసం అక్కడే ఆగిపోతుంది. ఒక్కసారి మోగి ఆగిపోయే తెలియని విదేశీ నంబర్లకు తిరిగి ఫోను చేయడం కూడా తగదు. అటువంటి పిలుపులకు ఎక్కువ రుసుము పడేలా పన్నిన వలలు ఉంటాయి.

అలాగని +91 కనిపిస్తే చాలు నమ్మవచ్చుననుకోరాదు. విదేశం నుంచి చేస్తూ భారతీయ నంబరులా కనిపించేలా చేసే మాయ కూడా ఉంది. అటువంటి పిలుపులను అడ్డుకొనే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అయినా జాగ్రత్త అవసరమే. ‘నాన్నా, ఇది నా కొత్త నంబరు, అర్జెంటుగా డబ్బు పంపు’ అని సందేశం వస్తే, ముందుగా పాత నంబరుకు ఫోను చేసి గొంతు వినాలి. పేర్ల జాబితా సరిగా ఉన్న ఇంట్లో అసలైన కొడుకు ఫోను చేస్తే అతని పేరే తెర మీద కనిపిస్తుంది. జాబితా అస్తవ్యస్తంగా ఉన్న ఇంట్లో అసలు కొడుకూ అంకెలుగానే కనిపిస్తాడు, మోసగాడూ అంకెలుగానే కనిపిస్తాడు. అనుమానాస్పదమైన పిలుపులను సంచార్ సాథీ వెబ్‌సైటులోని చక్షు విభాగంలో తెలియజేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

చేయవలసిన పని

ఈ సవరణకు ఒక సాయంకాలం చాలు. ఫోనులోని వందల పేర్లనూ ఒకేసారి సరిచేయనక్కరలేదు. ముందుగా ఇంటివారు, దగ్గర బంధువులు కలిపి పది మంది పేర్లు ఎంచుకోవాలి. ఒక్కొక్క పేరును తెరిచి, సవరించడానికి ఉండే పెన్సిలు గుర్తును నొక్కి, నంబరుకు ముందు + గుర్తు, దేశ కోడు చేర్చి, అనవసరమైన సున్నాను తీసివేసి భద్రపరచాలి. అంకెల మధ్య ఖాళీలు ఉన్నా ఫోనుకు ఇబ్బంది లేదు.

విదేశంలో ఉన్నవారి నంబరును నోటితో చెప్పించుకొని రాసుకోవడం కన్నా, వారి చేతనే ఒకసారి ఫోను చేయించడమో, వాట్సాప్‌లో సందేశం పెట్టించడమో మంచిది. అలా వచ్చిన నంబరు సాధారణంగా కోడుతో సహా కనిపిస్తుంది. దానిని అక్కడి నుంచే నేరుగా దాచుకుంటే అంకెలు తారుమారయ్యే ప్రమాదం ఉండదు. దాచిన తరువాత ఒక్కసారి నొక్కి, అవతల గొంతు విని సరిచూసుకోవాలి. పరీక్షించని నంబరును నమ్ముకోకూడదు.

ఒకే మనిషికి కోడుతో ఒకటి, కోడు లేకుండా ఒకటి రెండు నంబర్లు ఉంటే పాతదాన్ని తొలగించాలి. చాలాకాలం వాడకుండా వదిలేసిన నంబర్లను కంపెనీలు వేరొకరికి కేటాయిస్తాయి కనుక, ఊరు మారినవారి పాత నంబర్లను ఏడాదికి ఒకసారైనా సరిచూడడం అవసరం. పేర్లు సిమ్ములోనే ఉండిపోతే ఫోనుతో పాటు పోతాయి. ఖాతాలో కూడా భద్రపరచుకుంటే కొత్త ఫోనులోకి తిరిగి వస్తాయి.

చివరిగా, ఒక కాగితం. ముఖ్యమైన అయిదారు నంబర్లను పేరు, బంధుత్వం, ఊరు, దేశ కోడులతో సహా పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించాలి. ఫోనులో చార్జింగు అయిపోవచ్చు, ఫోనే పోవచ్చు. కాగితానికి ఆ భయం లేదు. విదేశానికి వెళ్లేవారి జేబులో, పెట్టెలో కూడా అటువంటి కాగితం ఒకటి ఉండాలి. అందులో ఇంటి నంబరు +91తోనే ఉండాలి. కంపెనీ కాగితాలలో ఇంటి నంబరు అడిగినచోట కూడా అలాగే పూర్తిగా రాయాలి.

ఈ పనిలో పిల్లలకు పెద్ద పాత్ర ఉంది. బడికి వెళ్లే మనవడో మనవరాలో అమ్మమ్మ పక్కన కూర్చొని ఒక్కొక్క పేరూ సవరించి ఇవ్వగలరు. ఆ పని చేస్తూనే ఏ మామయ్య ఏ దేశంలో ఉన్నాడో, ఏ పిన్ని ఏ ఊరిలో ఉన్నదో వారికి తెలుస్తుంది. కుటుంబం ఎంత దూరం విస్తరించిందో తెలిసేందుకు అంతకన్నా మంచి పాఠం లేదు.

ఒకసారి ఊరు దాటిన కుటుంబం మరొకసారి దాటుతుంది. ఈ రోజు సోలాపూర్‌లో ఉన్న ఫోను రేపు ఏ విమానమెక్కుతుందో చెప్పలేము. అందుచేత ప్రతి నంబరునూ వేరే దేశం నుంచి నొక్కవలసి వస్తుందన్న ఉద్దేశంతోనే రాసుకోవాలి. అప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నా, ఏ రాత్రి ఏ అవసరం వచ్చినా, ఒక్క మీటతో ఇంటివారి గొంతు వినిపిస్తుంది. సభకు వచ్చిన ప్రతివారూ ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే మొదట ఒక్క పేరు సరిచేయాలని మనవి. దూరాన ఉన్న వారిలో ఎవరు ముందుగా గుర్తుకు వస్తే, వారి పేరుతోనే మొదలుపెట్టవచ్చు.